నక్క కొట్టు ముందు మెరూన్ కోటు

"నాలుగింటికి మళ్ళీ ఫోన్ చేస్తాను మార్తా. ఆ ఫోటోలో ఉన్నది నువ్వు కాకపోతే ఎవరో చెప్పు. చెప్పలేకపోతే సోమవారం నువ్వు డ్యూటీకి రానక్కర్లేదు."

ఫినూలా గొంతులో కోపం లేదు. మార్తాని భయపెట్టింది అదే. మార్తా పనిచేసే, ముసలివాళ్ళుండే నర్సింగ్ హోమ్ నడిపే మనిషి ఆవిడ. కోప్పడుతూ మాట్లాడిందంటే ఇంకా మాట వినే స్థితిలో ఉన్నట్టు. ఇంత మెత్తగా మాట్లాడిందంటే నిర్ణయం అయిపోయినట్టే.

ఫోన్ మంచం మీద పడేసి మార్తా లేచింది. కిటికీ నుంచి తలుపు వైపు నడవడం మొదలుపెట్టగానే గది అయిపోయింది. వెనక్కి తిరిగింది. మళ్ళీ అయిపోయింది. కిందటి శుక్రవారం కోవిడ్ పాజిటివ్ వచ్చినప్పటి నుంచి ఇదే నడక. బయట జనవరి వాన. ఐర్లండ్ అంతా తలుపులు వేసుకుని కూర్చున్న జనవరి అది. స్కూళ్ళు లేవు, చర్చిలు లేవు. ఇంటి నుంచి అయిదు కిలోమీటర్లు దాటితే గార్డా పోలీసులు ఆపుతున్నారు. తెరిచి ఉన్నవాటిలో మనిషికి కాస్త సుఖం ఇచ్చేవి కాఫీ కొట్లు ఒక్కటే. అవీ కిటికీలోంచి కప్పు చేతికిచ్చి పొమ్మనేవే.

ఆ కిటికీల్లో ఒకదాని ముందు తీసిందే ఈ ఫోటో.

పొద్దున బోమాంట్ తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో కేశవరావు అంకుల్ పెట్టాడు. 'మంగళవారం మధ్యాహ్నం తీశాను. రెండు రోజులు ఊరుకుందామనుకున్నా, మనసొప్పలేదు. పాజిటివ్ వచ్చినవాళ్ళే కాఫీలకి తిరుగుతుంటే మనం ఇళ్ళల్లో ఎందుకు?' పేరు రాయలేదు. రాయాల్సిన పనీ లేదు. ఫోటోలో వెనక్కి తిరిగి నిలబడ్డ ఆడమనిషి ఒంటి మీద మెరూన్ రంగు పొడుగు కోటు, దానికున్న టోపీ అంచుకి పసుపు కుచ్చు. ఆ కోటు మార్తాదని ఆ గ్రూపులో అందరికీ తెలుసు. లాక్‌డౌన్‌కి ముందు ప్రతి ఆదివారం చర్చి మెట్ల మీద చూసిన కోటే.

ఆ కొట్టు కూడా ఆవిడకి ఇష్టమైనదే. రస్టీ ఫాక్స్. డబ్లిన్‌లో పది చోట్ల ఉంది. గుర్తు మీద ఎర్ర నక్క ఉంటుంది కాబట్టి ఈ ఇంట్లో దాని పేరు నక్క కొట్టు. ఆ కాఫీయే కాఫీ అని మార్తా చెప్పని మనిషి లేడు.

గంటలో ఫోటో నర్సింగ్ హోమ్‌కి చేరింది. ఈ వారంలోనే అక్కడ ముగ్గురు ముసలివాళ్ళకి పాజిటివ్ వచ్చింది. ఐసొలేషన్ తప్పించుకుని తిరిగిన కేరర్ అని ఒకసారి పేరు పడితే, ఐర్లండ్‌లో ఏ హోమూ మార్తాని గడపెక్కనివ్వదు. తొమ్మిదేళ్ళుగా ముసలివాళ్ళకి స్నానాలు చేయించి, అన్నం తినిపించి సంపాదించుకున్న పేరు ఒక్క ఫోటోతో పోతోంది.

ఫోన్ మోగింది. శౌరి. ఆవిడ భర్త. కార్క్ దగ్గర రింగాస్కిడీలో మందుల ఫ్యాక్టరీలో పని. లాక్‌డౌన్ మొదలయ్యాక అక్కడే గది తీసుకుని ఉంటున్నాడు.

"మార్తా, గ్రూపులో చూశాను. నిజం చెప్పవే. ఒక్క కాఫీ కోసం వెళ్ళావా?"

"నాకు వారం నుంచి నాలిక మీద రుచే లేదు. ఉప్పుకీ పంచదారకీ తేడా తెలీట్లేదు. కాఫీ కోసం వానలో వెళ్తానా?"

"వెళ్తావనే అనుకుంటున్నాను. గుంటూరులో నూట రెండు జ్వరంతో కాఫీ హోటల్‌కి పోలా?"

"ఫోన్ పెట్టేయండి."

"అది కాదే, నేనేమంటున్నానంటే..."

ఆవిడే పెట్టేసింది. మొగుడికే నమ్మకం లేనప్పుడు ఫినూలాని అనుకుని లాభం లేదు.

మూడు కావడానికి ఇంకా కొంచెం ఉంది. మార్తా ఫోటోని వేళ్ళతో లాగి పెద్దది చేసింది.

ముఖం లేదు. టోపీ పూర్తిగా కప్పేసింది. కారులోంచి తీసినట్టుంది, పాదాలు అద్దం అంచు కింద పడి కనబడలేదు. చేయి మాత్రం కనబడుతోంది, నీలం గ్లవ్. చేతిలో పెద్ద కాఫీ కప్పు, దాని మూత మీద బోర్లించిన ఇంకో చిన్న కప్పు.

రెండు కాఫీలు కొన్నావు కదా, ఎవరితో తాగావు అని ఇందాక ఫోన్‌లో ఫినూలా అడిగింది. ఆవిడ కళ్ళకి అవి రెండు కాఫీలు. మార్తా ఇప్పుడు బొమ్మని ఇంకా దగ్గరికి లాగింది. రెండోది ఖాళీ కప్పు. నిండు కప్పుని ఎవరూ బోర్లించరు.

ఒక కాఫీ. ఒక ఖాళీ కప్పు.

బైటూ.

హైదరాబాద్ హోటళ్ళలో కూర్చున్న ఏ మనిషికైనా తెలిసిన మాటే. ఒక కాఫీ చెప్పి ఇద్దరు పంచుకోవడం. ఈ దేశంలో ఒక కాఫీ కొని ఖాళీ కప్పు అడిగే మనిషి ఎవరు? కోటు వేసుకున్నది తెలుగు మనిషే. పైగా కోటు ఈ ఇంటి మెట్ల కింద కొక్కేనికి వేలాడుతోంది. కాబట్టి ఈ ఇంట్లో మనిషే.

మార్తా వేళ్ళు మడిచి లెక్కపెట్టింది.

ఇంట్లో తను కాక ముగ్గురు. పక్క గదిలో మధులిక, హనుమకొండ పిల్ల, డబ్లిన్‌లో ఎం.ఎస్సీ. చదువుతోంది. కింద గదిలో రఘువీర్, విజయనగరం కుర్రాడు, లీక్స్‌లిప్‌లో కంప్యూటర్ చిప్పుల ఫ్యాక్టరీలో ఇంజనీరు. ముందు గదిలో దమయంతి అక్క, సికింద్రాబాద్ మనిషి, దగ్గర్లోని పెద్దాసుపత్రిలో నర్సు, ఈ ఇంటి లీజు ఆవిడ పేరు మీదే ఉంది. ముగ్గురూ మార్తాతో ఒకే ఇంట్లో ఉన్నందుకు బయటికి పోకూడదు. శుక్రవారం నుంచి ఎవరి గదిలో వాళ్ళు తలుపులేసుకుని ఉన్నారు. అందుకే మంగళవారం నువ్వు ఇంట్లోనే ఉన్నావని ఒట్టేసి చెప్పే మనిషి ఒక్కరూ లేరు.

రఘువీర్ ఆరడుగులవాడు. ఆ కోటు వాడికి మోకాళ్ళ దగ్గరే ఆగిపోతుంది. ఫోటోలో కోటు పిక్కల కింద దాకా ఉంది. వాడు కాదు.

మార్తా గోడ మీద పిడికిలితో కొట్టింది. "మధూ! తలుపు దగ్గరికి రా."

అడుగుల చప్పుడు. తలుపు అవతల నుంచి, మాస్కులోంచి గొంతు. "ఏందక్కా? పానం బాగలేదా?"

"మంగళవారం మధ్యాహ్నం ఎక్కడున్నావు?"

"ఎక్కడుంట? గదిలనే. ప్రాజెక్ట్ ప్రెజెంటేషన్ ఉండె. ఒంటిగంట నుంచి మూడున్నర దాకా జూమ్‌ల కూసున్న. నా ముఖం ఇంకా పదిహేను మంది చూసిన్రు. అక్కా, నీకు నా మీద డౌటా?"

"అందరి మీదా ఉంది. ఏడవకు."

"ఏడుస్తలేను. కోపమొస్తంది." కొంచెం ఆగి ఆ పిల్ల మెల్లగా అంది. "నేనైతే నీ కోటు ముట్టలే. ఆ నక్క దుకాణానికి నేనెందుకు పోత? ఆడ ఒక కాఫీ ధరకి బంకుల మూడొస్తయి."

ఆ మాటలో నిజముంది. మధులిక పెట్రోల్ బంకు మెషీన్ కాఫీ తప్ప ఇంకేదీ ముట్టదు. ఈ ఇంట్లో ఎవరి కాఫీ వారికి ఒక మతం. రఘువీర్‌ది బ్రాస్ బెల్, ఇంటి భాషలో గంట కొట్టు. వాడి ఫోన్‌లో ఆ కొట్టువాళ్ళు ఫ్రీ కాఫీ కోసం ఇచ్చే స్టాంపులు తప్ప వేరే ఫోటోలుండవు. దమయంతి అక్కకి ఏ కొట్టూ నచ్చదు. నురగకి ఇంగ్లీషు పేరు పెట్టి అమ్ముతున్నరు అంటుంది, ఛస్తే ఆ దుకాణాల మెట్లెక్కనంటుంది. లాక్‌డౌన్‌కి ముందు రోజూ రాత్రి అన్నాల దగ్గర ఇదే గొడవ. అన్నం చల్లారేది కానీ ఎవరూ ఒక్క మాట తగ్గేవాళ్ళు కాదు.

మార్తా నడక ఆగిపోయింది.

ఒక్క మాట తగ్గేవాళ్ళు కాదు. ఇప్పుడు కూడా తగ్గరు.

మంగళవారం నక్క కొట్టు కాఫీ తాగిన మనిషికి నాలిక మీద ఆ కాఫీ గురించి కొత్త సంగతి ఒకటి ఉంటుంది. కాఫీ గురించి మాట తీస్తే ఈ ఇంట్లో ఎవరూ నోరు కట్టుకోలేరు. అడిగితే అబద్ధం చెబుతారు. తిడితే తిరిగి తిడతారు. గొడవకి లాగితే నిజం జారుతుంది.

ఇంటి గ్రూపు తెరిచి టైప్ చేసింది. 'నా ఉద్యోగం పోతే పోనీ. ఒక్కటి మాత్రం చెబుతున్నా. డబ్లిన్ మొత్తం మీద కాఫీ అంటే నక్క కొట్టుదే. మీరంతా తాగేది వేడినీళ్ళు.'

పంపింది. మంచం అంచున కూర్చుంది. లేచింది. మళ్ళీ కూర్చుంది.

ముందు రఘువీర్ వాయిస్ మెసేజ్ వచ్చింది. "అక్కా, నీకు టేస్ట్ పోయింది కాబట్టి ఏటీ అనట్లేదు. నక్కోడిది కాఫీయా? పాలగిన్నె కడిగిన నీళ్ళు. గంట కొట్టోడి డబల్ షాట్ ఓ గుక్కెయ్యి, లీక్స్‌లిప్ దాకా కన్ను మూతపడదు. అయినా నీ మీద అంత గొడవ నడస్తంటే ఇప్పుడు కాఫీ గోలేటి తల్లీ?"

పాత మాటే. రెండేళ్ళ నుంచీ వింటున్న పాలగిన్నే.

మధులిక టైప్ చేసింది. 'బంకు కాఫీ జిందాబాద్. బటన్ నొక్కితే అయిపాయె. ఎవని ముఖం చూసి నవ్వే పని లేదు.'

ఇదీ పాతదే.

దమయంతి ఏమీ రాయలేదు. రెండు నీలం టిక్కులు మాత్రం పడ్డాయి.

మూడున్నర. ఎవరో బయటివాళ్ళు ఇంట్లోకి వచ్చి కోటు తీసుకెళ్ళారా? మతి పోయినట్టుంది. అలాంటిది ఫినూలాకి చెబితే నవ్వను కూడా నవ్వదు.

మెట్ల మీద చప్పుడు. రోజూ ఈ వేళకి వచ్చే చప్పుడే. దమయంతి అక్క గంజి గిన్నె తెచ్చి తలుపు ముందు పెట్టి, మెట్టు మీద కాసేపు కూర్చుని మాట్లాడి పోతుంది. మార్తా మంచం పట్టినప్పటి నుంచి ఈ తలుపు దగ్గరికి మూడు పూటలా తిండి తెచ్చింది ఆవిడే.

"మార్తా, గంజి పెట్టిన. నిమ్మకాయ పిండిన, నీకు తెల్వకపోయినా ఒంటికి మంచిది."

"తింటాలే అక్కా."

"ఫోన్ ఎప్పుడు చేస్తది మీ మేడమ్?"

"నాలుగింటికి."

"నేను పొద్దుగాల చెప్పిందే మళ్ళ చెప్త. ఒప్పుకో. జ్వరంల తెలివి లేక పోయిన, సారీ అను. ఈ దేశపోళ్ళు సారీ అంటే కరుగుతరు. నువ్వు కాదు కాదంటే ఇంక మొండికేస్తరు."

"చెయ్యని దానికి సారీ ఎలా చెప్పను?"

"చెప్తే నీదేం పోతది?" దమయంతి నిట్టూర్చింది. ఆ నిట్టూర్పు వెనకాలే నవ్వు. "ఆ గ్రూపుల ఏం పెట్టినవే? నక్క దుకాణం కాఫీయే కాఫీయా? సిగ్గులేదు నీకు. అది పాలు పోసిన నురగ. దానికి తోడు ఆ అట్టమూత ఒకటి. రెండు గుక్కలు కాంగనే నాని పెదవికి అంటుకుంటది. కాఫీ తాగుతున్నమా, పుస్తకం అట్ట నాకుతున్నమా అనిపిస్తది."

మార్తా నవ్వబోయింది. ఆగింది.

అట్టమూత.

నక్క కొట్టు మూతలు నల్ల ప్లాస్టిక్‌వి. ఆవిడకి తెలిసినంతకాలం అవే. ఫోన్ తీసి ఫోటో మళ్ళీ పెద్దది చేసింది. బోర్లించిన కప్పు కింద మూత అంచు కనబడుతోంది. గోధుమరంగు. ఇందాకటి నుంచి కప్పు రంగే అనుకుంది. కొట్టువాళ్ళ ఫేస్‌బుక్ పేజీ తెరిచింది. పైనే ఉంది. ఈ సోమవారం నుంచి మా మూతలన్నీ కాగితంవే, భూమి కోసం. కింద ఎర్ర నక్క కన్ను కొడుతోంది.

సోమవారం నుంచి. ఈ ఇల్లు మూతబడింది శుక్రవారం నుంచి.

మార్తా తలుపు దగ్గరికి వెళ్ళి చెక్క మీద అరచేయి ఆనించింది.

"అక్కా. ఆ మూత నానుతుందని నీకెలా తెలుసు?"

"అట్ట నానదా ఏందే?"

"అట్టమూత అని ఎవరు చెప్పారు?"

మార్తా జవాబు కోసం ఆగలేదు.

"అవి ఈ సోమవారమే వచ్చాయి అక్కా. అంతకు ముందు ప్లాస్టిక్‌వి. పెదవికి అంటుకుంటుందని చూస్తే తెలీదు, తాగితే తెలుస్తుంది."

"ఆసుపత్రిల ఎవరో అన్నరు."

"నువ్వు ఆసుపత్రికి పోయి వారమైంది. పోకూడదు కూడా."

మెట్టు కిర్రుమంది. వెళ్ళిపోతోందనుకుంది మార్తా. వెళ్ళలేదు. వచ్చిన గొంతులో నవ్వు లేదు.

"ఖైరున్నీసా వాళ్ళమ్మ పోయింది. సోమవారం రాత్రి. కర్నూల్ల."

ఖైరున్నీసా ఎవరో మార్తాకి తెలుసు. దమయంతితో ఒకే వార్డులో పనిచేసే నర్సు. బ్రేకులో ఇద్దరూ కలిసే కూర్చుంటారని దమయంతే చెబుతుంటుంది.

"ఫ్లైట్ దొరకలే. మట్టిచ్చుడు ఫోన్ల చూసింది. పిల్ల ఒక్కతే పార్కుల బెంచి మీద కూసోని ఏడుస్తున్న అని ఫోన్ చేసింది. ఎట్ల ఊకుంట చెప్పు? పోయిన. చేతుల ఏదన్న వెచ్చగ పెడదామని ఆ దుకాణానికి పోయిన, దారిల ఇంకేది తెరిచి లేకుండె. కప్పు బెంచి మీద పెట్టి దూరం జరిగిన, ఖాళీ కప్పుల అది సగం పోసుకున్నది, మిగిలింది నేను తాగిన. నేను దాన్ని ముట్టను కూడ ముట్టలే. నాకు టెస్ట్ నెగిటివే వచ్చింది తెల్సు కద."

"వెళ్ళినందుకు నేనేమీ అనను అక్కా. నేనైనా వెళ్ళేదాన్నేమో. నా కోటు ఎందుకు?"

"నా కోటు వీపు మీద ఆసుపత్రి పేరుంది. ఎవరన్న చూస్తే..."

"చూస్తే నువ్వు దొరుకుతావు. అందుకని నేను దొరికేలా వెళ్ళావు."

"అట్ల అనుకోలే! ఒట్టు. కొక్కేనికి ఉంటే తీసుకున్న. ఆ కేశవరావు కార్ల కూసోని ఫోటోలు తీస్తడని నాకేం ఎరుక?"

"పొద్దున ఫోటో చూశాక ఎరుకే కదా. అప్పుడేం చేశావు? ఇదే మెట్టు మీద కూర్చుని నన్ను ఒప్పుకోమన్నావు. సారీ చెప్పమన్నావు. ఇప్పుడు కూడా, రెండు నిమిషాల కిందట."

కింద గది తలుపు తెరుచుకున్న చప్పుడు. రఘువీర్ గొంతు. "ఏటక్కా, ఏటయింది?" పక్క గది తలుపు కూడా తెరుచుకుంది.

దమయంతి తలుపుకి దగ్గరగా జరిగి గొంతు తగ్గించింది. "మార్తా, ఇను. బయటికొస్తే నా నర్సు రిజిస్ట్రేషన్ మీదికొస్తది. ఇరవై రెండేండ్ల సర్వీస్. నువ్వు కేరర్‌వి. కేరర్ల కోసం హోమ్‌లు వెతుక్కుంట తిరుగుతున్నయి, ఇది పోతే ఇంకోటి దొరుకుతది. నేను నర్సుని. నీకు నాకు ఒకటేనా?"

మార్తా అరచేయి తలుపు మీది నుంచి తీసేసింది.

ఆ మాట రాకుండా ఉంటే ఏం చేసేదో ఆవిడకే తెలియదు. ఖైరున్నీసా బెంచి మీద కూర్చున్న బొమ్మ కళ్ళముందుకి వచ్చింది. ఈ తలుపు దగ్గరికి మూడు పూటలా వచ్చిన గంజి గుర్తొచ్చింది. ఇంకొక్క నిమిషం దమయంతి ఊరుకుని ఉంటే, మార్తా తలుపు ఇవతల నుంచి తనే ఏదో దారి వెతికి ఉండేది.

ఫోన్ మోగింది.

"ఎత్తకు మార్తా. జర ఆగు. నీకు దండం పెడ్త."

"నువ్వే చెబుతావా అక్కా? స్పీకర్ పెడతాను. నీ నోటితో నువ్వే చెప్పు, వాళ్ళమ్మ పోయిందని కూడా చెప్పు. నేను నీ పక్కనే మాట్లాడతాను."

ఫోన్ మోగుతూనే ఉంది. తలుపు అవతల ఊపిరి వినబడుతోంది.

"అక్కా?"

మాట రాలేదు.

మార్తా పచ్చ బటన్ నొక్కింది. స్పీకర్ పెట్టింది.

"చెప్పు మార్తా," అంది ఫినూలా, అదే మెత్తటి గొంతుతో. "ఆ ఫోటోలో ఉన్నది నువ్వేనా?"

"కాదు."

"అయితే ఎవరు?"

మెట్ల మీద రఘువీర్ ఆగిపోయాడు. మధులిక తన గది గుమ్మంలో మాస్కు మీద చేయి అడ్డం పెట్టుకుని నిలబడింది. దమయంతి మెట్టు మీంచి లేచి, మూసి ఉన్న తలుపు వైపు చూస్తూ తల అడ్డంగా ఊపింది. మార్తాకి అది కనబడలేదు.

"కోటు నాది," అంది మార్తా. "వేసుకున్న మనిషి మా ఇంట్లోనే ఉంటుంది. ఇప్పుడు నా తలుపు బయట నిలబడి ఉంది. ఆవిడ పేరు దమయంతి."